కైరో పేరా నుంచి జెనీవా ప్రకటన దాకా: అంతర్జాతీయ పత్రాల్లో ‘గర్భస్రావం’ మీద పోరు

అందరికీ నమస్కారం.

గర్భస్రావం తప్పా, హక్కా అన్న వాదన మీరంతా చాలాసార్లు వినే ఉంటారు. ఇవాళ ఆ వాదన జోలికి నేను పోను. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒక పత్రం రాసుకునేటప్పుడు అందులో గర్భస్రావం ప్రస్తావన ఉండాలా, ఉంటే ఏ మాటల్లో ఉండాలి అన్నదాని మీద దశాబ్దాలుగా ఒక పోరు నడుస్తోంది. ఆ ప్రస్తావనను అడ్డుకోవడానికి ప్రో-లైఫ్ వర్గాలు, అంటే గర్భస్రావాన్ని వ్యతిరేకించేవాళ్లు, ఏం చేశాయి, ఎంతవరకు నెగ్గాయి, ఎక్కడ దెబ్బతిన్నాయి అన్నదే ఇవాళ నేను చెప్పబోయేది. ఒక పక్షం గురించి మాట్లాడితే రెండో పక్షం ఎలాగూ వస్తుంది, కాబట్టి ఇద్దరూ వస్తారు.

కైరోతో మొదలుపెడతాను. 1994 సెప్టెంబరు 5 నుంచి 13 దాకా అక్కడ జనాభా, అభివృద్ధి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 179 దేశాలు పాల్గొన్నాయి. సదస్సు ప్రధాన కార్యదర్శి పాకిస్తాన్‌కు చెందిన డాక్టర్ నఫీస్ సాదిక్. అప్పటికే ఆవిడ ఐక్యరాజ్యసమితి జనాభా నిధికి అధిపతి. అసలు బేరసారాలు జరిగే ప్రధాన సంఘానికి ఘనాకు చెందిన డాక్టర్ ఫ్రెడ్ సాయి అధ్యక్షుడు. పదహారు అధ్యాయాల ముసాయిదా. బాలికల చదువు, వలసలు, వృద్ధాప్యం, శిశుమరణాలు, పర్యావరణం, అన్నీ ఉన్నాయి అందులో. కానీ మొదటి రోజుల్లో సింహభాగం తినేసింది ఒక్క పేరా. దాని సంఖ్య 8.25.

ఎందుకంత గొడవ అయిందో తెలియాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1984లో మెక్సికో నగరంలో ఇలాంటి జనాభా సదస్సే జరిగింది. అప్పుడు అమెరికాలో రీగన్ ప్రభుత్వం. విదేశాల్లో గర్భస్రావాలు చేసే, వాటిని ప్రోత్సహించే స్వచ్ఛంద సంస్థలకు అమెరికా కుటుంబ నియంత్రణ నిధులు ఇవ్వబోమని ఆ సందర్భంలోనే ప్రకటించింది. దానికి మెక్సికో సిటీ విధానం అని పేరు వచ్చింది, వ్యతిరేకులు పెట్టిన పేరు ‘గ్యాగ్ రూల్’, అంటే నోరు నొక్కే నియమం. అదే సదస్సు ఆమోదించిన పత్రంలోకి ఒక చిన్న మాట కూడా వచ్చింది. గర్భస్రావాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కుటుంబ నియంత్రణ పద్ధతిగా ప్రోత్సహించకూడదు అని. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, ఇది మళ్లీ మళ్లీ వస్తుంది.

1993 జనవరిలో క్లింటన్ వచ్చి ఆ విధానాన్ని రద్దు చేశాడు. కైరోకు అమెరికా బృందాన్ని నడిపించింది ఉపాధ్యక్షుడు అల్ గోర్. అంటే పదేళ్లలో వాషింగ్టన్ అటు నుంచి ఇటు వచ్చేసింది. గర్భస్రావాన్ని వ్యతిరేకించే వాటికన్‌కు, అంటే కేథలిక్ చర్చి కేంద్రానికి, పెద్ద అండ పోయింది. పోప్ రెండో జాన్ పాల్ ఆ ఏడాది మార్చిలోనే దేశాధినేతలందరికీ లేఖ రాశారు, నఫీస్ సాదిక్‌ను పిలిపించుకుని మాట్లాడారు. ఆ భేటీ ఏమంత సామరస్యంగా సాగలేదని తర్వాత ఆవిడే చెప్పారు. లాటిన్ అమెరికాలోని కొన్ని కేథలిక్ దేశాలు, కొన్ని ముస్లిం దేశాలు ఈ ఒక్క విషయంలో వాటికన్‌తో కలిశాయి. సౌదీ అరేబియా, సూడాన్, లెబనాన్, ఇరాక్ అసలు సదస్సుకే రాలేదు. పాకిస్తాన్ ప్రధాని బెనజీర్ భుట్టో మాత్రం వచ్చారు, వచ్చి గర్భస్రావాన్ని ఇస్లాం కోణం నుంచి వ్యతిరేకిస్తూ మాట్లాడారు. అదే వేదిక మీద నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ దానికి పూర్తి విరుద్ధంగా మాట్లాడారు. అవాంఛిత గర్భాలు, చట్టవిరుద్ధ గర్భస్రావాల వల్ల తల్లులు చనిపోతుంటే చూస్తూ ఊరుకునే నీతి నీతి కాదు, కపటం అన్నది ఆవిడ మాటల సారాంశం. ఇద్దరూ ప్రధానులే, ఇద్దరూ ఆడవాళ్లే. ఈ పోరును మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య తగాదాగా చూసేవాళ్లు ఆ ఉదయాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు పేరా 8.25లో చివరికి ఏం మిగిలిందో చూద్దాం. నా మాటల్లో చెబుతాను. మొదటి వాక్యం మనం ఇందాక అనుకున్న 1984 వాక్యమే: గర్భస్రావాన్ని కుటుంబ నియంత్రణ పద్ధతిగా ప్రోత్సహించకూడదు. ఇది వాటికన్‌కు, ప్రో-లైఫ్ వర్గాలకు దక్కింది. తర్వాత, సురక్షితం కాని గర్భస్రావాల వల్ల ఆరోగ్యానికి జరిగే హానిని ప్రధాన ప్రజారోగ్య సమస్యగా చూడాలి, మెరుగైన కుటుంబ నియంత్రణ సేవలతో గర్భస్రావాల అవసరాన్ని తగ్గించాలి అని ఉంది. ఇది అవతలి పక్షంలోని మహిళా సంఘాలకు దక్కింది. ఆరోగ్య వ్యవస్థలో గర్భస్రావానికి సంబంధించిన ఏ మార్పు అయినా ఆ దేశంలో, లేదా స్థానికంగా, ఆ దేశ శాసన ప్రక్రియ ప్రకారమే జరగాలి అన్నది మూడో సంగతి. మళ్లీ ప్రో-లైఫ్ వర్గాలకు ఊపిరి. చట్టం అడ్డురాని చోట గర్భస్రావం సురక్షితంగా ఉండాలి అన్నది ఇంకొకటి. గర్భస్రావం వల్ల వచ్చే ఇబ్బందులకు చికిత్స మాత్రం అన్ని సందర్భాల్లోనూ అందాలి అన్నది చివర్లో ఉంది.

ఒక్క పేరా అన్నమాటే గానీ, రెండు పక్షాలు తలా ఒక వాక్యం పంచుకున్న ఒప్పందం ఇది. ఇంకో ఉదాహరణ ఇదే పత్రంలో రెండో అధ్యాయం మొదట్లో ఉంది. ఈ సిఫార్సుల అమలు ప్రతి దేశానికి సార్వభౌమ హక్కు అని, జాతీయ చట్టాలకు, ప్రజల మత, నైతిక విలువలకు, సాంస్కృతిక నేపథ్యానికి గౌరవం ఇస్తూ జరగాలని రాసి, అదే వాక్యం చివర్లో సార్వత్రిక మానవ హక్కులకు అనుగుణంగా అని తగిలించారు. మొదటి సగాన్ని ఒకరు ఎత్తి చూపిస్తారు, రెండో సగాన్ని ఇంకొకరు. ముప్పై ఏళ్లుగా ఇదే జరుగుతోంది.

ఇక్కడ వాటికన్ ఒక తెలివైన పని చేసింది. 1974 బుకారెస్ట్ సదస్సులో గానీ, 1984 మెక్సికోలో గానీ వాటికన్ ఏకాభిప్రాయంలో చేరలేదు. కైరోలో మాత్రం పాక్షికంగా చేరింది. చేరుతూనే రాతపూర్వకంగా తన అభ్యంతరాలు నమోదు చేసింది. లైంగిక ఆరోగ్యం, పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాటల్లో గర్భస్రావం భాగమని తాము భావించడం లేదు అని. మరికొన్ని దేశాలూ ఇలాంటి ప్రకటనలే ఇచ్చాయి. పత్రం చివర్లో, ఎవరూ చదవని పేజీల్లో అవి అచ్చయ్యాయి. ఆ పేజీలకు ఎంత విలువ ఉందో తర్వాత తెలిసింది.

సరే, మీకు ఒక సందేహం వచ్చి ఉండాలి. కైరో పత్రం చట్టం కాదు. దేశాలు చట్టపరంగా కట్టుబడాల్సిన ఒప్పందమూ కాదు. ఏ దేశం మీదా కేసు వేయడానికి పనికిరాదు. దాని కోసం పోప్ లేఖలు రాయడం, దౌత్యవేత్తలు రాత్రుళ్లు మేలుకోవడం ఎందుకు?

ఎందుకంటే ఆ మాటలు అక్కడ ఆగవు. సదస్సు పత్రంలో ఒక మాట పడితే, రేపు సమితి సంస్థలు తమ కార్యక్రమాలను ఆ మాట మీద కట్టుకుంటాయి. దాతలు నిధులు ఇచ్చేటప్పుడు ఆ మాటను ఉటంకిస్తారు. ఒప్పందాల అమలును చూసే నిపుణుల కమిటీలు దేశాలకు సూచనలు రాసేటప్పుడు వాడతాయి. చివరికి కోర్టుల దాకా వస్తుంది. కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం 2006లో సంపూర్ణ గర్భస్రావ నిషేధాన్ని సడలించినప్పుడు, తన తీర్పులో అంతర్జాతీయ ఒప్పందాలతో పాటు కైరో సదస్సును, 1995 నాటి బీజింగ్ మహిళా సదస్సును కూడా ప్రస్తావించింది. ప్రో-లైఫ్ వర్గాలు ఈ ప్రయాణాన్ని చాలా ముందే పసిగట్టాయి. నా దృష్టిలో వాళ్ల ఉద్యమంలో అన్నిటికన్నా పదునైన అవగాహన ఇదే. పొలం గట్టు ఏడాదికి బెత్తెడు జరిగితే ఎవరికీ కనపడదు, పదేళ్ల తర్వాత సర్వే చేయిస్తే కదా తెలిసేది. వాళ్లు ప్రతి ఏడాదీ గట్టు మీద కాపలా కూర్చున్నారు.

ఆ కాపలా ఎలా ఉంటుందో చెబుతాను. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

ముందు జీరో డ్రాఫ్ట్ అని ఒక తొలి ముసాయిదా వస్తుంది. దాని మీద దేశాలు, దేశాల కూటములు తమ సవరణలు ఇస్తాయి. ఒప్పుకోని ప్రతి మాటనూ చదరపు బ్రాకెట్లలో పెడతారు. నాలుగు పేజీల ముసాయిదా నలభై పేజీలు అవుతుంది. తర్వాత ఇన్‌ఫార్మల్స్ అనే చర్చల్లో ఒక్కో బ్రాకెట్‌నూ విప్పుకుంటూ పోవాలి. ఎక్కడా కుదరకపోతే ‘అంగీకృత భాష’ అన్న మంత్రం బయటికి వస్తుంది. అంటే ఇదివరకే ఏదో పత్రంలో అందరూ ఒప్పుకున్న మాటలను యథాతథంగా తెచ్చి పెట్టడం. అందుకే 1984 వాక్యం 1994లో కనపడింది, 1995లో మళ్లీ కనపడింది. ఒక్కసారి లోపలికి వచ్చిన మాటను తీసేయడం కష్టం, అలాగే ఒక్కసారి బయట ఉండిపోయిన మాటను లోపలికి తేవడమూ అంతే కష్టం.

ఇక్కడ చిన్న దేశాల పరిస్థితి చూడండి. న్యూయార్క్‌లో కొన్ని దేశాల కార్యాలయాల్లో దౌత్యవేత్తలు ముగ్గురో నలుగురో ఉంటారు. జనరల్ అసెంబ్లీకి ప్రధాన కమిటీలే ఆరు. ఒక యువ అధికారి పొద్దున నిరాయుధీకరణ, మధ్యాహ్నం అప్పులు, సాయంత్రం మహిళా ఆరోగ్యం మీద కూర్చోవాలి. అతని చేతికి ఎవరైనా ఒక పేజీ నోట్ ఇచ్చి, ఇదిగో ఈ మాట 2005లో ఇలా వచ్చింది, మీ దేశం అప్పుడు ఇలా అభ్యంతరం చెప్పింది, మీ చట్టం ఇలా ఉంది అని చెబితే, అతను కళ్లకద్దుకుని తీసుకుంటాడు. ఆ పేజీ నోట్ ఇచ్చేవాళ్లే అసలైన ఆటగాళ్లు.

ప్రో-లైఫ్ వైపు నుంచి ఆ పని చేసినవాళ్లలో బ్రిటన్‌కు చెందిన గర్భస్థ శిశు రక్షణ సంఘం ఉంది, అది 1967 నాటిది. 1997లో న్యూయార్క్‌లో మొదలైన సీ-ఫ్యామ్ అనే సంస్థ ఉంది, ఇప్పుడు దాని పూర్తి పేరు సెంటర్ ఫర్ ఫ్యామిలీ అండ్ హ్యూమన్ రైట్స్. సమితి చర్చల్లో ఏం జరుగుతోందో ప్రతి వారం ఫ్యాక్స్‌లో పంపడం వాళ్లు మొదలుపెట్టారు. అమెరికా నుంచే అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడమ్, ఫ్యామిలీ వాచ్ ఇంటర్నేషనల్ లాంటివి తర్వాత వచ్చి చేరాయి. అవతల పక్షంలో 1952లో బొంబాయిలో పుట్టిన అంతర్జాతీయ కుటుంబ నియంత్రణ సమాఖ్య ఉంది, న్యూయార్క్‌లోని సెంటర్ ఫర్ రీప్రొడక్టివ్ రైట్స్ ఉంది. నిజం చెప్పాలంటే ఈ విద్యను ముందు నేర్చింది మహిళా సంఘాలే. అమెరికా మహిళా ఉద్యమ నాయకురాలు బెల్లా అబ్జుగ్ నాయకత్వంలో కైరో, బీజింగ్ సమయంలో వాళ్లు ముసాయిదాను వాక్యం వాక్యం చదివి, ప్రతి బ్రాకెట్‌కూ తమ మాట రాసి ప్రతినిధుల చేతిలో పెట్టేవాళ్లు. ప్రో-లైఫ్ వర్గాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. ఇప్పుడు ఎవరి నోట్ ఎవరిదో పై పేరు చెరిపేస్తే చెప్పడం కష్టం, పద్ధతి అంతగా ఒకటే.

బీజింగ్ గురించి ఎక్కువ చెప్పను. 1995 సెప్టెంబరులో నాలుగో ప్రపంచ మహిళా సదస్సు, 189 దేశాలు. వాటికన్ బృందానికి నాయకురాలు హార్వర్డ్ న్యాయ ఆచార్యురాలు మేరీ ఆన్ గ్లెండన్. కైరో పేరాను దాదాపు అలాగే దించారు. ఒక్క కొత్త మాట చేరింది: చట్టవిరుద్ధంగా గర్భస్రావం చేయించుకున్న మహిళలను శిక్షించే చట్టాలను సమీక్షించే విషయం ఆలోచించండి అని. సమీక్షించండి అనలేదు, సమీక్షించే విషయం ఆలోచించండి అన్నారు. నాలుగేళ్ల తర్వాత, 1999లో కైరో సమీక్ష జరిగినప్పుడు ఇంకో బెత్తెడు జరిగింది. చట్టం అడ్డురాని చోట గర్భస్రావం సురక్షితంగా ఉండటమే కాదు, అందుబాటులో కూడా ఉండాలి, అందుకు ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి అని.

ఈ లెక్కన ఒక వైపే జరుగుతూ పోతోందని భయపడిన ప్రో-లైఫ్ శిబిరం 2005లో ఒక సాహసం చేసింది. అది బీజింగ్ పదేళ్ల సమీక్ష, న్యూయార్క్‌లో మహిళల స్థితిగతుల కమిషన్ సమావేశం. వాషింగ్టన్‌లో అప్పుడు చిన్న బుష్. బీజింగ్ పత్రాలను పునరుద్ఘాటిస్తున్నాం, కానీ అవి కొత్త అంతర్జాతీయ మానవ హక్కులను సృష్టించవు, గర్భస్రావ హక్కు వాటిలో లేదు అని ప్రకటనలో స్పష్టంగా రాయాలని అమెరికా సవరణ తెచ్చింది. వింత ఏమిటంటే, ఆ సవరణలో చెప్పింది చాలా దేశాలకు అభ్యంతరం లేని విషయమే. హక్కు లేదని చాలామంది ఒప్పుకునేవాళ్లే. అయినా మద్దతు రాలేదు. పదేళ్ల కింద కుదిరిన బేరాన్ని మళ్లీ తెరవడం ఎవరికీ ఇష్టం లేదు. చివరికి అమెరికా ఆ సవరణను వెనక్కి తీసుకుంది.

నన్నడిగితే ఈ పోరు మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. గర్భస్రావం హక్కు అని స్పష్టంగా రాయించుకునే బలం ఒక పక్షానికి లేదు. హక్కు కాదు అని స్పష్టంగా రాయించుకునే బలం రెండో పక్షానికీ లేదు. ఇక మిగిలింది మౌనం. పత్రం ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది, ఆ ఊరుకోవడానికి ఎవరి అర్థం వాళ్లు చెప్పుకుంటారు. ప్రో-లైఫ్ ఉద్యమం నెగ్గింది అంటే ఆ మౌనాన్ని నిలబెట్టడంలో నెగ్గింది. ఇది చిన్న విజయమేమీ కాదు. ప్రపంచ స్థాయి మానవ హక్కుల ఒప్పందాల్లో ఇవాళ్టికీ గర్భస్రావాన్ని పేరు పెట్టి హక్కుగా రాసింది ఒక్కటీ లేదు. ప్రాంతీయంగా చూస్తే ఆఫ్రికా దేశాల మపుటో ప్రోటోకాల్ ఉంది, 2003 నాటిది. అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల గర్భం, తల్లి ప్రాణానికీ ఆరోగ్యానికీ ముప్పు లాంటి సందర్భాల్లో వైద్య గర్భస్రావానికి వీలు కల్పించాలని అది నేరుగా రాసింది. కెన్యా, ఉగాండా దాన్ని ఆమోదిస్తూనే ఆ అంశానికి తాము కట్టుబడమని మినహాయింపు పెట్టుకున్నాయి.

మాట నేరుగా రాయలేనప్పుడు గొడవ పక్క మాటల్లోకి మారుతుంది. పునరుత్పత్తి ఆరోగ్యం, పునరుత్పత్తి హక్కులు అన్న మాటల్లో గర్భస్రావం దాగి ఉందా లేదా? లేదు, ఉంటే మేం ఒప్పుకునేవాళ్లమే కాదు అని చాలా ప్రభుత్వాలు కైరో నుంచి చెబుతున్నాయి. 2009 ఏప్రిల్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు ఒక సభ్యుడు ఇదే ప్రశ్న అడిగితే, అప్పటి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ దాచకుండా చెప్పారు: పునరుత్పత్తి ఆరోగ్యంలో గర్భస్రావ సేవల అందుబాటు కూడా భాగమే అని. ప్రో-లైఫ్ వర్గాలకు అంతకన్నా కావాల్సింది ఏముంది? మేం పదిహేనేళ్లుగా చెబుతున్నది ఇదే కదా అని ఆ వాక్యాన్ని ఊరూరా తిప్పారు. 2006లో వికలాంగుల హక్కుల ఒప్పందం వచ్చినప్పుడు, దాని ఆరోగ్య అధికరణంలో లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాట ఉన్నందుకే వాటికన్ సంతకం పెట్టలేదు. వికలాంగుల కోసం అంత పనిచేసే చర్చి ఆ ఒప్పందానికి దూరంగా ఉండటం చాలామంది కేథలిక్కులకు కూడా మింగుడుపడలేదు. 2012లో రియోలో జరిగిన పర్యావరణ సదస్సులో పునరుత్పత్తి హక్కులు అన్న మాటను తీసేయించగలిగారు, ఆరోగ్యం మిగిలింది. 2015లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు వచ్చాయి. లక్ష్యం 3.7లో ఆరోగ్య సేవలు ఉన్నాయి, 5.6లో పునరుత్పత్తి హక్కులు ఉన్నాయి, కానీ కైరో, బీజింగ్ పత్రాలలో ఒప్పుకున్న మేరకు అన్న తోక తగిలించారు. అంటే మళ్లీ పేరా 8.25కే వచ్చి ఆగాం.

ఇప్పుడు ఈ ఉద్యమం బలహీనతల గురించి. మొదటిది, వాషింగ్టన్ మీద అతిగా ఆధారపడటం. మెక్సికో సిటీ విధానాన్ని 1993లో తీసేశారు, 2001లో తెచ్చారు, 2009లో తీసేశారు, 2017లో ఇంకా పెద్దది చేసి తెచ్చారు, 2021లో తీసేశారు, 2025 జనవరిలో మళ్లీ తెచ్చారు. ఎక్కడో ఒక ఆరోగ్య కేంద్రం నడిపేవాడికి ఇది ఎంత టెన్షనో ఊహించండి. నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో తిరగబడే విధానాన్ని ఏ చిన్న దేశమూ నమ్ముకోలేదు.

రెండోది 2019 ఏప్రిల్ 23న భద్రతా మండలిలో కనపడింది. దీని దగ్గర కాస్త ఆగుతాను. యుద్ధాల్లో జరిగే లైంగిక హింస మీద జర్మనీ ఒక తీర్మానం తెచ్చింది. దాని సంఖ్య 2467. అంతకు ముందటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నాదియా మురాద్, డెనిస్ ముక్వేగే ఇద్దరూ ఆ రోజు మండలిలో మాట్లాడారు. ఒకరు ఐఎస్ ఉగ్రవాదుల చెరలో బానిసగా నరకం చూసిన, ఇరాక్‌లోని యజీదీ అనే మైనారిటీ మతానికి చెందిన యువతి, ఇంకొకరు కాంగోలో అత్యాచార బాధితులకు శస్త్రచికిత్సలు చేసే డాక్టరు. బాధితులకు లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య సేవలు అందాలి అన్న మాట ముసాయిదాలో ఉంది. 2013లో మండలి ఒప్పుకున్న తీర్మానం 2106లోనూ ఆ మాట ఉంది. అంటే అది అంగీకృత భాషే. అయినా అందులో గర్భస్రావం ఇమిడి ఉందన్న కారణంతో వీటో చేస్తామని అమెరికా బెదిరించింది. మాట తీసేశాక 13 ఓట్లతో తీర్మానం నెగ్గింది. రష్యా, చైనా ఓటేయలేదు. ఫ్రాన్స్ రాయబారి ఫ్రాంస్వా దెలాత్ర్ ఇది సహించరానిదని సభలోనే అన్నారు.

గర్భస్థ శిశువుకు ప్రాణం ఉందని నమ్మేవాళ్లు అత్యాచారం వల్ల కలిగిన గర్భానికి కూడా అదే వర్తిస్తుందని అంటారు. వాళ్ల తర్కంలో పొంతన ఉంది, దాన్ని నేను ఎద్దేవా చేయను. కానీ తీసేసిన మాటలో గర్భస్రావం ఒక్కటే లేదు. గాయాలకు చికిత్స, లైంగిక వ్యాధుల నివారణ, హెచ్ఐవీ మందులు, సురక్షిత ప్రసవం కూడా ఆ మాట కిందికే వస్తాయి. కైరో పేరా తరహాలో ఒక మినహాయింపు వాక్యం చేర్చి మాటను ఉంచే దారి ఉండగా మాటనే తీసేయించారు. కాపలాదారు గట్టును వదిలి పంట మీద పడ్డట్టు అనిపించింది నాకు. ఆ రోజు నుంచి, ఈ మాటలు అన్నీ ముసుగులే అన్న ప్రో-లైఫ్ వాదనను అంతవరకు సానుభూతితో విన్న కొందరు దౌత్యవేత్తలకు కూడా సమర్థించడం కష్టమైంది.

అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా ఆరోగ్య మంత్రి అలెక్స్ అజార్ 19 దేశాల తరఫున సమితిలో ప్రకటన చదివారు. అంతర్జాతీయ గర్భస్రావ హక్కు అంటూ ఏదీ లేదు అని. మరుసటి ఏడాది, 2020 అక్టోబరు 22న, జెనీవా ఏకాభిప్రాయ ప్రకటన వచ్చింది. పేరులో జెనీవా ఉంది గానీ కోవిడ్ వల్ల సంతకాల సభ వాషింగ్టన్ నుంచి ఆన్‌లైన్‌లో జరిగింది. ఏకాభిప్రాయం అన్న మాట కూడా ఉంది గానీ సంతకం పెట్టినవి మొదట 32 దేశాలే. అమెరికా, బ్రెజిల్, ఈజిప్ట్, హంగరీ, ఇండోనేషియా, ఉగాండా ముందు నిలిచాయి. అది సమితి పత్రం కాదు, ఇష్టమున్న ప్రభుత్వాల సంయుక్త ప్రకటన. మహిళా ఆరోగ్యం, మానవ ప్రాణం, కుటుంబం, సార్వభౌమత్వం అని నాలుగు స్తంభాలు. గర్భస్రావ హక్కు అంతర్జాతీయంగా లేదు, దానికి డబ్బు పెట్టే బాధ్యత దేశాలకు లేదు అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. 2005లో సమితి గదిలో రాయించుకోలేని వాక్యాన్ని బయట రాసుకున్నారు. వంద రోజులు తిరక్కుండానే బైడెన్ వచ్చి అమెరికాను దాని నుంచి తప్పించాడు. 2022లో కొలంబియా, 2023లో బ్రెజిల్ వెళ్లిపోయాయి. 2025 జనవరిలో అమెరికా తిరిగి చేరింది. సంతకాలు పెట్టిన కొన్ని ప్రభుత్వాలకు ఆడవాళ్ల హక్కుల విషయంలో ఉన్న పేరు ఏమంత గొప్పది కాదు. మహిళా ఆరోగ్యం అన్న స్తంభాన్ని వాళ్లతో మోయించడం ఉద్యమానికి నష్టమే చేసింది.

మూడో బలహీనత అన్నిటికన్నా లోతైనది, దాని గురించి ఆ శిబిరంలోనే తీవ్రంగా చర్చ జరుగుతోంది. పత్రం మౌనంగా ఉంటే ఆ మౌనానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది? ప్రభుత్వాల గదిలో ఏకాభిప్రాయం కావాలి, అక్కడ కాపలా పనిచేస్తుంది. కానీ పౌర, రాజకీయ హక్కుల ఒప్పందం అమలును చూసే మానవ హక్కుల కమిటీలో 18 మంది నిపుణులు ఉంటారు, వాళ్లు ప్రభుత్వాల మాట వినాల్సిన పని లేదు. 2018లో జీవించే హక్కు మీద వాళ్లు 36వ సాధారణ వ్యాఖ్య ఇచ్చారు. గర్భిణి ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు ఉన్నప్పుడు, గర్భం కొనసాగితే ఆమెకు తీవ్రమైన బాధ కలిగేటప్పుడు, ముఖ్యంగా అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైతే, సురక్షితమైన, చట్టబద్ధమైన గర్భస్రావం అందేలా చూడాలని అందులో రాశారు. ఏ హక్కు? జీవించే హక్కు. ప్రో-లైఫ్ ఉద్యమం తనదనుకున్న హక్కు కిందే ఇది వచ్చి కూర్చుంది. ఆ వ్యాఖ్యకు ఒప్పందంతో సమానమైన బలం లేదని కొన్ని ప్రభుత్వాలు వాదించాయి, చట్టపరంగా ఆ వాదనలో పస ఉంది. కానీ కోర్టులకు వెళ్లే న్యాయవాదులు దాన్ని ఉటంకించకుండా ఎవరూ ఆపలేరు.

బాలల హక్కుల ఒప్పందం పీఠికలో పుట్టుకకు ముందూ, తర్వాతా బిడ్డకు రక్షణ అవసరం అన్న మాట ఉంది కదా అని ప్రో-లైఫ్ న్యాయవాదులు అడుగుతారు. ఉంది. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో మరణశిక్షను గర్భిణుల మీద అమలు చేయకూడదన్న నియమమూ ఉంది. అమెరికా ఖండాల మానవ హక్కుల ఒప్పందంలో, సాధారణంగా గర్భధారణ క్షణం నుంచి ప్రాణానికి రక్షణ అని ఉంది. ఆ ‘సాధారణంగా’ అన్న మాటను చేర్చింది కూడా ఒక బేరమే. అంటే వాళ్ల దగ్గర కూడా ఉటంకించడానికి సరుకు ఉంది. అయితే దాన్ని ముందుకు నడిపించే సంస్థలు, నిపుణులు, కమిటీలు వాళ్ల వైపు తక్కువ. ముప్పై ఏళ్లు మాటల్ని ఆపడం మీద పెట్టిన శక్తిలో సగం ఆ సంస్థల్ని కట్టడం మీద పెట్టి ఉంటే కథ వేరేలా ఉండేదేమో అని వాళ్లలోనే కొందరు అంటారు.

సురక్షితం కాని గర్భస్రావాల సంగతి ఏమిటని వెనక నుంచి ఎవరో అడిగారు. ప్రపంచంలో జరిగే గర్భస్రావాల్లో దాదాపు 45 శాతం సురక్షితం కానివని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చట్టం సడలిస్తే అవి తగ్గుతాయని ఒక పక్షం, ప్రసూతి వైద్యం మెరుగుపడితే మరణాలు తగ్గుతాయి, అందుకు గర్భస్రావం అక్కర్లేదని రెండో పక్షం. విచిత్రం ఏమిటంటే పేరా 8.25 ఈ పనులన్నీ చేయమంటుంది: సమస్యను ఒప్పుకోండి, కుటుంబ నియంత్రణ సేవలు పెంచి అవసరాన్ని తగ్గించండి, ఇబ్బందులకు చికిత్స ఇవ్వండి అని. ఈ భాగం మీద గొడవ తక్కువ. డబ్బు మాత్రం దీనికే తక్కువ దొరుకుతుంది.

ఈ మధ్య కాలంలో పోరు ముదిరి పత్రాలే రాకుండా పోతున్నాయి. సమితి జనాభా, అభివృద్ధి కమిషన్ 2017లో, 2018లో, మళ్లీ 2023లో ఏ ఫలిత పత్రమూ లేకుండా ముగిసింది. 2025 మార్చిలో బీజింగ్ ముప్పై ఏళ్ల సమీక్షలో ఆమోదించిన రాజకీయ ప్రకటనలో లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాటే లేదు. ఒప్పుకోలేని మాటను పక్కన పెట్టి మిగతాది దాటించారు. ప్రో-లైఫ్ సంస్థలు దాన్ని విజయంగా ప్రకటించుకున్నాయి, మహిళా సంస్థలు వెనకడుగు అన్నాయి.

సుస్థిర అభివృద్ధి లక్ష్యాల గడువు 2030తో ముగుస్తుంది. వాటి స్థానంలో ఏదైనా కొత్త పత్రం వస్తే 3.7, 5.6 రెండూ మళ్లీ బ్రాకెట్లలోకి వెళతాయి. కైరో, బీజింగ్‌లలో ఒప్పుకున్న మేరకు అన్న తోక ఉంటుందా, ఊడుతుందా అన్నదే అసలు బేరం. ఆ ముసాయిదా బయటికి వచ్చిన రోజు మీరు పత్రికల్లో శీర్షికలు చూడకండి. తోక ఉన్న వాక్యం ఎక్కడుందో వెతకండి, తర్వాత చివరి పేజీలకు వెళ్లి ఏ దేశం ఏ అభ్యంతరం నమోదు చేసిందో చదవండి. ప్రశ్నలు ఉంటే అడగండి, సమయం ఉంది.